సవరించుకున్న మాట

“నువ్... మీరు గూసోండి సారూ,” అన్నాడు ఏసురత్నం ప్రేమ్ కుమార్‌తో, భుజం మీది తువ్వాలుతో కుర్చీ దులుపుతూ.

మాలతి చటుక్కున ప్రేమ్ కుమార్ చేతిలోని టేపు రికార్డరు వైపు చూసింది. ఎర్ర దీపం వెలుగుతోంది. మాట టేపులో పడింది. ఆమె మనసు కుదుటపడింది.

మాలతి హైదరాబాదులో భాషాశాస్త్రం చెబుతుంది. నలుగురు మాట్లాడుకునేటప్పుడు ఎవరు ఎవరి మాట అందుకుంటారు, ఎక్కడ ఆగుతారు, ఎవరిని ఎలా పిలుస్తారు అన్నదే ఆమె పరిశోధన. ప్రేమ్ కుమార్ ఆమె దగ్గర ఎంఫిల్ చేస్తున్నాడు. వనపర్తిలో టీచరు గారబ్బాయినని చెప్పాడు. నెమ్మదస్థుడు, నోట్లోంచి పుస్తకాల తెలుగు తప్ప రాదు.

నిజానికి ఆ రోజు వాళ్లు మానవపాడుకు పోవాల్సింది. గద్వాల బస్టాండులో పరిచయమైన నిరంజన్ అనే రైతు, తన చేలో పత్తి ఏరడానికి నానా ఊళ్ల కూలీలు వచ్చారనీ, కావలసినంత మాట దొరుకుతుందనీ చెప్పి, ధరూర్ అవతల ఉన్న తన ఊరికి వెంటబెట్టుకొచ్చాడు. “మానవపాడుకే వెళ్దాం మేడం,” అని ప్రేమ్ కుమార్ దారి పొడుగునా నసుగుతూనే ఉన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

“వీడు అమరచింత దిక్కోడు మేడం. మా చేనుకాడ కావలుంటడు,” అన్నాడు నిరంజన్. “ఏమిరా రత్నం, మంచిగ మాట్లాడు. సదువుకున్నోళ్లు.”

“నువ్వు చెప్పినంక మాట్లాడనా పటేలా,” అంటూ ఏసురత్నం నేల మీద చతికిలబడ్డాడు. తర్వాత మాలతి వైపు తిరిగాడు. “నువ్వు యాడికెల్లి వచ్చినవమ్మా?”

పాలమూరు పల్లెల్లో ‘నువ్వు’ అంటే అమర్యాద కాదని ఆమె క్లాసులో ఎన్నోసార్లు చెప్పింది. ఇదిగో, కూలి ఇచ్చే ఆసామినీ నువ్వే అంటున్నాడు, ముక్కూమొహం తెలియని తననూ నువ్వే అంటున్నాడు. మరి తన కంటే చిన్నవాడైన ఆ కుర్రవాణ్ణి మీరు అనడమేమిటి? అదీ నోటి దాకా వచ్చిన నువ్వును మింగేసి?

“రికార్డరు కింద పెట్టు ప్రేమ్,” అంది.

అతను రికార్డరుతో పాటు తానూ నేల మీద కూర్చున్నాడు.

“కిందెందుకు సారూ? బట్టలు మాస్తయి,” అన్నాడు ఏసురత్నం కంగారుగా.

“పరవాలేదు.”

“తిన్నరా సారూ? జర బక్కగున్నరు.”

పల్లెల్లో అది ప్రశ్న కాదు, పలకరింపు. జవాబు కోసం ఎవరూ ఎదురుచూడరు. కానీ ఏసురత్నం ఎదురుచూశాడు. ప్రేమ్ కుమార్ తలొంచుకుని రికార్డరు మీటలు తడుముతున్నాడు.

“సారు నిన్న రాత్రి ఒంట్లో బాగుండక నిద్రపోలేదులే,” అని మాలతే ఆ ఖాళీ పూరించింది. ముసలాయన మొహం వాడిపోయింది. దవాఖానకు పోయిండ్రా అని అడగబోయి నిరంజన్ చూపు తన మీద పడగానే ఆగిపోయాడు.

ఆమె పత్తి గురించి అడిగింది, వానల గురించి అడిగింది. ఏసురత్నం ధారాళంగానే చెప్పాడు.

“పిల్లలెంతమంది?”

ఏసురత్నం తువ్వాలు తీసి మళ్లీ భుజాన వేసుకున్నాడు. చేలో ఎవరో ఎవరినో కేకేస్తున్నారు.

“ఒక కొడుకుండె,” అన్నాడు చివరికి.

ఆ ‘ఉండె’ మాలతికి గుచ్చుకుంది. పోయిన బిడ్డ గురించి తరచి అడగడం ఏ భాషలోనూ మర్యాద కాదు. మాట మార్చింది. ప్రేమ్ కుమార్ లేచి పత్తి కుప్ప అవతలికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు.

బయల్దేరేటప్పుడు ఏసురత్నం ఆటో దాకా వచ్చాడు. మాలతితో, “మల్ల రా అమ్మా,” అన్నాడు. ప్రేమ్ కుమార్ వైపు తిరిగి చేతులు జోడించాడు.

“పైలంగ పోండి సారూ.”

ఆటో గద్వాల దారి పట్టింది. మాలతికి మనసు మనసులో లేదు. దొరికిన మాట అపురూపమైనదే, కానీ ఆ జోడించిన చేతులు కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

“చూశావా ప్రేమ్? మాట మధ్యలో సవరించుకున్నాడు. చదువుకున్నవాళ్లంటే అంత భయం. నా వ్యాసంలో అదే రాస్తాను.”

“భయం కాదు మేడం.”

ఆ చేలో అడుగుపెట్టాక అతను తనంతట తాను నోరు విప్పడం అదే మొదలు. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

“మరేంటి? మర్యాదంటే పరువు కాపాడటమని మనం చదువుకున్నదే కదా. ఎదుటివాడి పరువో, మనదో. ఆయన ఎవరి పరువు కాపాడాడంటావ్?”

“నాదే.”

“నీదా? నువ్వెవరో కూడా తెలియని మనిషి నీ పరువు కాపాడటమేమిటి?”

ప్రేమ్ కుమార్ ఆటోలోంచి వెనక్కి తిరిగి చూశాడు. దుమ్ములో మనిషి ఆనవాలు లేదు.

“ఆయన మా నాయన, మేడం.”