మూడు చోట్ల మధ్య

"వెతికే చోటెంతో తేలకుండా పడవలు తియ్యను అడెలా! నడిసముద్రంలో డీజిల్ అయిపోతే నీ కొడుకుతో పాటు మేమూ పోతాం" అన్నాడు ఇస్కో మామ. సమార్ దీవి రేవులో జాలరులకు పెద్ద ఆయన.

"పోతాం అనకు మామా!" అడెలా అరటాకులో వేడన్నం, ఎండుచేప కడుతోంది. ఆమె ఏనాడూ మంచిని ఊహించి ఎరగదు. ఇప్పుడు నిజంగానే ఇంజను చచ్చి, నైరుతి గాలికి కొడుకు రోడెల్ పడవ కొట్టుకుపోయింది. ఓడలవాళ్లు మూడు చోట్ల దాన్ని దూరం నుంచి చూశామని రేడియోలో చెప్పారు. లోపల మనిషి ఉన్నదీ లేనిదీ తెలీదన్నారు.

"చేతిలో తెడ్డుంది. ఊరికే కూర్చోడు వాడు" అన్నాడు ఇస్కో. "ఆ మూడు చోట్ల మధ్యే తిరుగుతుంటాడు. అది ఎంత మేరో చెప్పండి, దానికి తగినన్ని పడవలు తీస్తాను."

"నేను చెప్తా తాతా" అంది అడెలా కూతురు జెనిలిన్. "రేవు నుంచి తూర్పుకి రెండు మైళ్లు, ఉత్తరానికి ఒకటి. తర్వాత నాలుగు, అయిదు. ఆఖరున ఏడు, పదకొండు."

"బొమ్మ గియ్యవే, తప్పు చేస్తావు!"

"బొమ్మెందుకమ్మా? త్రిభుజం వైశాల్యానికి బళ్లో సూత్రం నేర్పారు." పడవ పక్కమీద సుద్దతో గబగబా వేసింది. "నలభైలోంచి పన్నెండు పోతే ఇరవై ఎనిమిది. అందులోంచి మళ్లీ ఇరవై ఎనిమిది... అయ్యో, సున్నా వచ్చిందే!"

"చూశావా? తప్పు చేస్తావన్నానా!"

తుడిచి మళ్లీ వేసింది. మళ్లీ సున్నాయే.

అడెలా ముఖం మొదటిసారి వెలిగింది. "సున్నా అంటే వెతకడానికి చోటే లేదన్నమాట! అన్నం చల్లారకముందే దొరుకుతాడు. నడు మామా!"

ఇస్కో కదల్లేదు. వంగి తడి ఇసుకలో వేలితో మూడు చుక్కలు పెట్టాడు. మూడూ ఒకే గీత మీద, గాలి వీచే దారిలో పడ్డాయి. మెల్లగా తలమీది టోపీ తీశాడు.

"తెడ్డు పట్టిన చెయ్యి ఉంటే అడెలా, ఈ గీత ఒక్కచోటైనా మన ఊరివైపు వంగేదమ్మా."