దిబ్బ నెత్తిన పొదలు

జేఠీ ఆ ముసలాయనకు నీళ్ళివ్వలేదు.

ఎడారిలో అంతకు మించిన పాపం లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా కుండ మీద మూత తీయలేదు.

"నీళ్ళు లేవు కాకా. దిబ్బెక్కి మొక్కల్ని లెక్కపెట్టుకో, దాహం తీరుతుంది."

ఆయన పేరు పదమారామ్. ఏ ఊరివాడో తెలియదు. ఏటా వానలు వెనకబట్టాక వస్తాడు. ఊరి పక్కనున్న ఇసుకదిబ్బ మీద తాడు పరిచి, అడుగున సేవణ గడ్డి ఎంత, నడుమ జిల్లేళ్ళు ఎన్ని, నెత్తిన ఫోగ్ పొదలు ఎన్ని అని రాసుకుంటాడు. రెండు మూడు రోజులు పైనే ఉంటాడు. ఏం చేస్తాడో ఎవరూ ఎక్కి చూసిన పాపాన పోలేదు.

చుట్టుపక్కల దిబ్బలన్నీ నెత్తిన బోడివే. గాలికి అక్కడ గింజ నిలవదు. ఈ ఒక్క దిబ్బకే పొదలున్నాయి. అమ్మవారి చలవ అని ఊరంతా మొక్కుకునేది.

ఆయన సర్కారు మనిషేనని జేఠీ ఊళ్ళో అందరికీ నూరిపోసింది. పక్క ఊళ్ళో ఇలాగే లెక్కలు రాసుకుని దిబ్బకు కంచె వేశారు, మేకలకు మేత లేకుండా పోయింది.

"లెక్కపెట్టడానికి ఏమీ మిగల్చకపోతే సరి. పీడా పోతుంది."

ఆయన వెళ్ళిన వారానికే గొడ్డళ్ళు పట్టుకుని ఎక్కారు. పొదలన్నీ వేళ్ళతో సహా పెకలించారు. మొదటి వేటు జేఠీదే. ఆ చలికాలమంతా పొయ్యిలు భగభగ మండాయి.

ఎండాకాలం గాలి లేచింది. దిబ్బ కదిలింది. ఊరంతా తట్టలతో ఎత్తిపోసినా ఆగలేదు. ఉన్న ఒక్క మంచినీళ్ళ బావీ ఇసుక కింద పూడిపోయింది. తక్కినవన్నీ ఉప్పునీళ్ళ బావులే.

ఊరు వదిలి పోదామని ఒంటెల మీద సామాను కడుతుండగా, ఆ ఏడు వానలకు ముందే పదమారామ్ వచ్చాడు. నేరుగా దిబ్బెక్కాడు. ఎంతసేపటికీ దిగకపోతే జేఠీ వెళ్ళింది. ఆయన బోడి నెత్తిన కూలబడి ఉన్నాడు.

"పొదలేవి తల్లీ?"

"పీకేశాం కాకా. నువ్వు సర్కారోడివనుకున్నాం."

ఆయన తిట్టలేదు. కాళ్ళ కింది ఇసుకను అరచేత్తో తట్టాడు.

"మా ఊరు దీని కిందే ఉంది తల్లీ. మేమూ పొదల్ని పొయ్యిలోకే కొట్టుకున్నాం."

లేచి, అవతలి వాలున దిగిపోయాడు. భుజాన తెచ్చిన మూట అక్కడే వదిలేశాడు. పిలిచినా వెనక్కి చూడలేదు.

జేఠీ మూట విప్పింది.

లోపల చారెడు ఫోగ్ గింజలు, అరిగి అరిగి జానెడే మిగిలిన, గుంట తీసి గింజ నాటే కర్ర ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఊరు మొక్కుకున్న ఆ అమ్మవారు ఈయనే, గుక్కెడు నీళ్ళు లేవని జేఠీ తరిమింది ఈయన్నే.