పిన్ను మార్చాం కదా!

పార్లరావిడ కొత్త కర్లింగ్ రాడ్డు పెట్టె విప్పింది. వేరే దేశంలో ఉన్న ఆడపడుచు పంపిన సరుకు.

“బోణీ నీదేనే పిల్లా!” అంది కుర్చీలో కూర్చున్న అమ్మాయితో.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి మొదటిసారి కాలేజీ స్టేజీ మీద పాడబోతోంది. వెంట ముగ్గురు స్నేహితురాళ్ళు వచ్చారు.

రాడ్డు పిన్ను గోడ ప్లగ్గులో పట్టలేదు. పార్లరావిడ సొరుగంతా గాలించి ఒక అడాప్టర్ తగిలించింది. ఇట్టే పట్టింది.

అప్పుడే ఒకావిడ తలుపు తోసుకుని వచ్చింది. తలకు బిగించి గుడ్డ కట్టుకుంది. కనుబొమలు కూడా లేవు. గోళ్ళ సందుల్లో నల్లటి మకిలి.

“ఎవరు కావాలమ్మా?”

ఆవిడ అద్దంలోకి చూసింది. కుర్చీలో అమ్మాయి ఫోను చూసుకుంటోంది.

“ఎవరూ వద్దులెండి.”

వెనక్కి తిరగబోతూ రాడ్డు చూసి ఆగిపోయింది.

“అమ్మా, దాని మీద ఎన్ని వోల్టులని రాసుంది?”

పార్లరావిడ విసుగ్గా చూసింది. “నూటపది. అయితే?”

“మన గోడలో వచ్చేది రెండువందల ఇరవై. పెట్టకండి.”

“పిన్ను మార్చాం కదా!”

“పిన్ను మారిస్తే పిన్నే మారుతుందమ్మా, కరెంటు మారదు.”

“నలభై అయిదు వాట్లే. బల్బు పాటి లేదు, దీనికింత రాద్ధాంతమా?”

“ఆ లెక్క నూటపది మీద. ఇక్కడ పెడితే నూట ఎనభై లాగుతుంది. వోల్టులు రెండింతలైతే వేడి నాలుగింతలు. మోటార్లు చుట్టే పని నాది, తెలిసి చెబుతున్నా. పిల్ల జుట్టు మాడిపోతుంది, చెవి కాలిపోతుంది.”

నలుగురి ముందు తప్పు పట్టేసరికి పార్లరావిడకు ఒళ్ళు మండింది. నోరు జారింది.

“నెత్తిన నాలుగు వెంట్రుకలు లేవు గానీ, జుట్టు మిషన్ల గురించి నాకు పాఠాలా? చాల్లే, దయచెయ్!”

స్నేహితురాళ్ళు పకపకా నవ్వారు. కుర్చీలో అమ్మాయి కూడా నవ్వింది.

ఆవిడ గుడ్డ సర్దుకుంది. మెట్లు దిగింది.

పార్లరావిడ స్విచ్చు మీద వేలు పెట్టిందో లేదో, లైట్లన్నీ ఆరిపోయాయి.

“ఖర్మ! ఇప్పుడే పోవాలా!”

పక్క షాపు ఎలక్ట్రీషియన్ను కేకేసింది. అతను మెట్ల కిందికి వెళ్ళి చూసి వచ్చాడు.

“ఏం కాలిపోలేదక్కా. ఎవరో మీ ఫ్యూజు పీకి, మీటరు పెట్టె మీద పెట్టారు.”

“చూశారా దాని కడుపుమంట!”

అతను రాడ్డు తిప్పి చూశాడు. మొహం చిట్లించాడు.

“ఇది పెట్టబోయావా? కొంప ముంచేదానివి కదక్కా! ఆ పీకినావిడ ఎవరో గానీ, ఈ పిల్లను కాపాడింది.”

పార్లరావిడ రాడ్డు బల్ల మీద పెట్టేసింది. ఛీ, ఎంత మాటన్నాను! ఒంట్లో బాగాలేని మనిషిని పట్టుకుని ఎంత మాటన్నాను! సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

గబగబా వీధిలోకి పరుగెత్తి అటూ ఇటూ చూసింది. ఆవిడ జాడ లేదు.

“కాళ్ళు పట్టుకునైనా క్షమించమని అడుగుతాను. ఆవిడ ఇల్లెక్కడో మీలో ఎవరికైనా తెలుసా?”

స్నేహితురాళ్ళు తెలియదన్నట్టు మొహమొహాలు చూసుకున్నారు.

కుర్చీలో అమ్మాయి మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

“నాకు తెలుసాంటీ,” అంది. “ఆవిడ మా అమ్మ.”