గాజు పువ్వుకు నీడ

అమ్మను సమాధి చేసిన వారానికి, ఆమె ఫ్లవర్‌వాజ్‌ను మెట్టకూరులోని మా చర్చికి ఇచ్చేద్దామన్నాడు నాన్న. ఆయన గొంతులో ఏ బాధా లేదు. నాకూ ఏమీ అనిపించలేదు.

అమ్మమ్మకు ఒక దొరసానమ్మ ఇచ్చిన వాజ్ అది. అమ్మతోపాటే కాపురానికి వచ్చింది. దాని ఒంటినిండా గులాబీరంగు గాజు పూలు. అమ్మ దాన్ని గది మూలనే ఉంచేది, కిటికీలో పెట్టనిచ్చేది కాదు.

“గాజు పువ్వు ఎండకి వాడిపోద్దేంటే?” అని నాన్న ఏడిపించేవాడు.

“వాడిపోద్ది. అక్కడే ఉండనివ్వండి,” అనేది అమ్మ.

పాత వస్తువుల గురించి చదువుతున్నాను కాబట్టి, ఇచ్చేముందు అది విక్టోరియా రాణి కాలం నాటిదేనా అని చూస్తానన్నాను. కిటికీ దగ్గరకు తెచ్చాను. అడుగున, చేత్తో ఊదిన గాజును ఇనప కడ్డీ నుంచి విరిచినప్పుడు పడే మచ్చ ఉంది. పూలు అచ్చులో పోసినవి కావు, కరిగిన గాజును విడిగా అతికించినవి. రేకుల అంచు కింద గోరు దూరుతోంది.

“అసలుదే నాన్నా.”

చివరి పువ్వులోకి మాత్రం గోరు దిగబడింది.

“ఇదొక్కటి మైనం నాన్నా. కొవ్వొత్తి మైనానికి రంగు కలిపి అమ్మే చేసుంటుంది.”

నాన్న వంగి ఆ పువ్వును వేలితో తడిమాడు.

“పెళ్ళైన కొత్తలో తాగొచ్చి దీన్ని తోసేశానమ్మా. మర్నాడు పొద్దున్నే అడిగితే, ఏమీ విరగలేదండీ అంది మీ అమ్మ.”

కిటికీలోంచి ఎండ వాజ్ మీదికి జరిగింది. నాన్న లేచి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, మళ్ళీ ఆ మూలనే పెట్టాడు.