కొండ వైనుకు తోడు

వంటక్క గరిటె తెచ్చి అతని నోటి ముందు పెట్టి, “ఎలా ఉంది తమ్ముడూ?” అంది.

హోటల్లో వైన్లు ఎంచి పోసే మనిషి అతను. కళ్లు మూసుకుని, నాలుక చప్పరించి, తెగ ఆలోచిస్తున్నట్టు నటించాడు. “దివ్యంగా ఉందక్కా. దీనికి ఎత్తు కొండల ఎర్ర వైను పెడదాం,” అన్నాడు. ఆవిడ మొహం విప్పారింది. గరిటెలో ఉన్నది మాంసం పులుసో గోరువెచ్చని నీళ్లో అతనికి తెలిస్తే ఒట్టు.

ఆర్నెల్ల కిందట ఊరంతా పడ్డ జ్వరం అతనికీ వచ్చింది. పోతూ పోతూ వాసననీ రుచినీ పట్టుకుపోయింది. వైను వాసన చూసి బతికేవాడికి ముక్కు పోతే ఇంకేముంది? యజమానికి తెలిస్తే ఆ పూటే ఇంటికి పంపేస్తాడు. అందుకని పాత జ్ఞాపకాలతోనే నెట్టుకొస్తున్నాడు. ఒకప్పుడు వంటక్క తన గిన్నె మీద ఎవరినీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. అలాంటి మనిషి ఈమధ్య ఏది వండినా అతనికి రుచి చూపించకుండా వడ్డనకు పంపడం లేదు. ఆ నమ్మకమే అతన్ని తినేస్తోంది.

ఆ సాయంత్రం విందంతా కొండ వైన్లదే. అతను సీసా పట్టుకుని ధాటిగా చెప్పుకుపోయాడు. కొండ మీద పగలు ఎండ చురుక్కుమంటుందట, రాత్రి చలి వణికిస్తుందట, అందుకే ద్రాక్షలో తీపితోపాటు పులుపూ నిలుస్తుందట. తెల్ల వైనుకు వేయించిన ఏటి చేప, మేకపాల చీజ్. ఎర్రదానికి నిదానంగా ఉడికిన మాంసం. అతిథులు మెచ్చుకోలుగా తలలూపారు.

మాంసం వడ్డించాక మొదలైంది గొడవ. మొదటి ముద్దకే అందరూ నీళ్ల కోసం తడుముకున్నారు. యజమాని వంటింట్లోకి వచ్చి, ఇది కూరా ఉప్పు బస్తానా అని వంటక్కను నిలదీశాడు. అతను పక్కనే ఉన్నాడు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది. తెరవకపోతే అక్క మాట పడుతుంది. తెరవలేదు.

“తప్పు నాదేనయ్యా. చెయ్యి జారింది,” అంది వంటక్క. అతని వంక కన్నెత్తి కూడా చూడలేదు. ఇంకోసారి ఇలా జరిగితే పొయ్యి వేరేవాళ్లకు అప్పగిస్తానని చెప్పి యజమాని వెళ్లిపోయాడు.

అతనికి తల తీసేసినట్టయింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాడు. సిగ్గుతో చితికిపోతూ ఆవిడ దగ్గరికి వెళ్లి తల వంచుకున్నాడు.

“అక్కా, నన్ను చెప్పుతో కొట్టు. ఆ జ్వరంలో నాకు రుచి పోయింది. ఇన్నాళ్లూ నీకు చెప్పినవన్నీ అబద్ధాలే. పద, అయ్యగారితో చెప్పేస్తాను.”

ఆవిడ కడుగుతున్న గిన్నె కింద పెట్టేసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు. కానీ ఆవిడ తల కూడా కిందికి వాలిపోయింది.

“నాకూ పోబట్టే కదరా, ప్రతి గిన్నెనీ నీ దగ్గరికి తెస్తున్నది.”