అడిగి తెచ్చుకున్న సలహా

“సీటు కోసమా, లెటర్ కోసమా?” తలెత్తకుండానే అడిగాడు పీఏ నగేష్.

“రెండూ కాదన్నా. సార్ సలహా కావాలె,” అంది ఆశ్రిత.

నగేష్ తలెత్తాడు. ఎమ్మెల్యే అమరనాథ్ ఆఫీసుకు సలహా కోసం వచ్చిన మనిషిని చూడటం అతనికి అదే మొదటిసారి.

ఆశ్రిత వారమంతా నయాపూల్‌లో ఓ బట్టల దుకాణంలో పనిచేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం బ్యాచ్‌లో దూరవిద్య డిగ్రీ చదువుతుంది. ‘చదువు అందరికీ సమానంగా అందుతోందా?’ అన్నది ఆఖరి ప్రాజెక్టు. పొద్దుటి బ్యాచ్‌కూ, ఈ బ్యాచ్‌కూ ఒకటే టాపిక్, ఒకే మేడం. ఒక ప్రజాప్రతినిధి సలహా తీసుకోవాలన్నది మేడం షరతు. ప్రాజెక్టు పోతే డిగ్రీ పోయినట్టే.

“చదువు ముచ్చటనా? వద్దు చెల్లె,” నగేష్ గొంతు తగ్గించాడు. “ఎలక్షన్లల్ల మా సార్‌ను టెంత్ పాస్ అని మస్తు ఎక్కిరించిన్రు. చదువు మాటెత్తితె అగ్గి మీద గుగ్గిలమైతడు.”

“ఏం టాపిక్ అన్నదిరా ఆ పిల్ల?” లోపలి నుంచి గొంతు వినిపించింది.

నగేష్ భయపడుతూనే చెప్పాడు.

“లోపలికి పంపు. కార్పొరేటర్ వస్తె నేను లేనని చెప్పు.”

అమరనాథ్ కళ్లజోడు పెట్టుకుని ఫైలు తెరిచాడు. మొదటి పేజీలోనే ఉంది: ‘అమూల్యమైన సలహాలిచ్చిన ఎమ్మెల్యే అమరనాథ్ గారికి పాదాభివందనాలు.’

“నేనింక సలహా ఇయ్యనే లేదు గదా.”

“ఇస్తరని నమ్మకంతోని ముందే రాసిన సార్.”

ఆయన నవ్వి పేజీలు తిప్పసాగాడు. చాయ్ చల్లారిపోయింది. “ఈ బడులన్ని నువ్వే తిరిగినవా బిడ్డా?”

“అవును సార్. ఒక్క బోర్డుకు రెండు మొకాలు. ఇటు మూడో తరగతి, అటు నాలుగో తరగతి. నడుమ ఒక్కతే టీచరమ్మ.”

“శభాష్. టైప్ చేసి మంచి పని చేసినవ్. ప్రీతి మేడంకు చేతిరాత నచ్చది.”

మేడం పేరు కూడా తెలుసే, ఎమ్మెల్యే అంటే ఎమ్మెల్యేనే అనుకుంది ఆశ్రిత.

“ఇగ నా సలహా ఇను. తొందరపడకు. ఆఖరి తారీఖు దాకా ఇయ్యకు. ఎవ్వరికీ చూపియ్యకు, లోకం మంచిగ లేదు. ఫైలు పెన్‌డ్రైవ్‌ల ఉన్నదా? ఒక కాపీ ఇడిసిపో. అసెంబ్లీల మాట్లాడెటందుకు పనికొస్తది.”

ఆశ్రిత కళ్లు చెమర్చాయి. “ఇంకేమన్న అడిగేదుంటె ఆదివారం పొద్దుగాల రావాల్నా సార్?”

“ఆదివారం పొద్దుగాల నేను ఎవ్వరికీ దొరక.”

ఆమె సలహాను అక్షరాలా పాటించింది. ఆఖరి తారీఖు నాడే ఇచ్చింది.

మరుసటి వారం ప్రీతి మేడం పిలిచింది. బల్ల మీద రెండు ఫైళ్లున్నాయి.

“ఎవల దాంట్లకెల్లి కాపీ కొట్టినవ్?”

“నా సొంతం మేడం. చెప్పులు అరిగేటట్టు తిరిగిన.”

“ఇదే ప్రాజెక్టు ఇంకొకరు నీకంటె ముందే ఇచ్చిన్రు. బోర్డుకు రెండు మొకాలు, ఎమ్మెల్యేకు పాదాభివందనాలు, ఒక్క అక్షరం తేడా లేదు. ముందిచ్చినోళ్లదే అసలనుకోవాలె గదా. నీది ఫెయిల్ చేస్తున్న.”

ఆశ్రిత రెండో ఫైలు వైపు వంగింది. “ఎవరు మేడం వాళ్లు?”

“పొద్దుగాల బ్యాచ్‌ల, ఎనక బెంచీ మీద, మాస్కు తియ్యకుంట కూసుంటడు.” మేడం రెండో ఫైలు అట్ట తిప్పి పేరు చదివింది.

“అమరనాథ్.”