పన్నెండున్నరకి పన్నెండు

"ఆ చేపముక్కలు వేయించి, గదిలో తలుపేసుక్కూచోమను మీ అమ్మని. దణ్ణానికి మాత్రం రావద్దను," అంది మల్సూన్ బాల్కనీ గుమ్మంలో నిలబడి, మనవరాలితో.

కోడలు మిరాన్ రెండడుగుల దూరంలో స్టవ్ ముందే ఉంది. మొగుడు పోయిన ఈ ఏడాదిలో అత్తగారు ఆమెతో నేరుగా మాట్లాడింది లేదు. రేపు అతని సంవత్సరీకం. పొద్దుటినుంచీ వంటంతా మిరానే చేస్తోంది. ఆ ఇంట్లో చాకిరీకి కోడలు కావాలి. ఫొటో ముందు వంగి దణ్ణం పెట్టుకోవడానికి మాత్రం పనికిరాదు.

కారణం ఆమె జాతకం. పుట్టిన వేళ రాసిన కాగితంలో పగలు పదకొండూ ఇరవై అని ఉంది. వాళ్ళ జాతకాల్లో రెండేసి గంటలకి ఒక్కో జంతువు పేరు; పదకొండు నుంచి ఒంటిగంట దాకా గుర్రం వేళ. ఆ వేళలో పుట్టిన ఆడది మొగుణ్ణి మింగుతుందని మల్సూన్ పుట్టిన పల్లెలో గట్టి నమ్మకం. దానికి ముందుది పాము వేళ, తర్వాతది గొర్రె వేళ. వాటికి ఏ దోషమూ లేదు. పెళ్ళికి ముందే ముసలావిడ గోల పెట్టింది. కొడుకు వినలేదు. నలభై రెండేళ్ళకే పోయాడు. ఇక ఆవిడ నోటికి అడ్డేముంది?

"నాన్నమ్మా, జరుగు! ఎండకి అడ్డొస్తున్నావ్," అని బాల్కనీలోంచి అరిచింది బోరా. దానికి ఎనిమిదేళ్ళు. బడిలో నీడ గడియారం చేసుకు రమ్మన్నారు. టీచరిచ్చిన అంకెల కాగితం అట్టకి అంటించి, చెక్క పుల్ల వాలుగా గుచ్చి, దిక్సూచి చూసి మరీ ఉత్తరానికి తిప్పి పెట్టింది.

పుల్ల నీడ పన్నెండు మీద పడింది. గోడ గడియారంలో పన్నెండున్నర.

"మీ అమ్మ కూతురివేగా! నువ్వు చేసింది సరిగ్గా ఏడుస్తుందా?" మూతి తిప్పింది మల్సూన్.

"నాది కరెక్టే! గోడ మీదదే తప్పు. కొరియా మొత్తం జపాను టైమే పెట్టుకుందంట. సూర్యుడు అక్కడ నడినెత్తికొచ్చిన అరగంటకి గానీ మన జొంజుకి రాడంట. అసలు టైము నీడదేనని టీచర్ చెప్పింది."

మిరాన్ చేతిలో గరిటె ఆగింది. "ఎప్పట్నుంచే అలా?"

"నువ్వేంటి, నాన్నమ్మ కూడా పుట్టకముందు నుంచే!"

మిరాన్ స్టవ్ ఆపి, నూనె చేతులతోనే ముందుకొచ్చింది.

"అత్తయ్యా, పదకొండూ ఇరవైలోంచి అరగంట తీసెయ్యండి. పదీ యాభై. అది పాము వేళ! ఆయన్ని నేను మింగలేదు అత్తయ్యా. రేపొక్కసారి దణ్ణం పెట్టుకోనివ్వండి."

మల్సూన్ నీడవైపు చూసింది. పెదవులు కదిలాయి. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. మొహం పాలిపోయింది. మిరాన్ ఆ మొహాన్నే చూస్తోంది.

ముసలావిడ వంగి పుల్ల పీకి విరిచేసింది. అట్టని కాలికింద వేసి తొక్కింది. బోరా ఘొల్లుమంది.

ఏడాది తర్వాత మొదటిసారి కోడలి కళ్ళలోకి చూసి మాట్లాడింది మల్సూన్. "టైమంటే గోడ మీదదే. ఈ ఇంట్లో ఎవరి వేళా మారదు. ఈ అరగంట మాట గడప దాటిందో, నాలుక కోస్తా!"

"పోయిన మనిషి సాక్షిగా అడుగుతున్నా, నేనంటే ఎందుకండీ ఇంత పగ?" అంది మిరాన్.

ముప్పయ్యో ఏట మొగుణ్ణి మట్టిలో పెట్టిన మల్సూన్ పుట్టింది, గడియారం ప్రకారం, గొర్రె వేళలో, పగలు ఒంటిగంటా పదికి.